యాసంగిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా: బోరు మోటార్ల డీటీఆర్‌పై లోడు తగ్గించే క్రమం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొలాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం మొదలవుతుంది. వెంటనే వచ్చే డిమాండు ఒక్కటే: "63 కేవీఏ తీసి 100 కేవీఏ పెట్టండి." కొన్నిచోట్ల అది న్యాయమే. చాలాచోట్ల మాత్రం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక కూడా చివరి బోరుకు ఓల్టేజీ రాదు, రెండో ఏడు ఫ్యూజులు మళ్లీ కొడుతుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ సైజు మార్చే ముందు దాని మీద పడుతున్న ఆంపియర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. ఆ పని చేసుకునే వరుస ఇది. ఒక డీటీఆర్ (డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్) కింద ఉన్న రైతులంతా కలిస్తేనే సాగుతుంది. ఒక్కరు చేస్తే ఆ ఒక్క మోటారుకే లాభం.

ముందుగా ఒక హద్దు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కడం, ఫ్యూజు కట్టడం, ఏబీ స్విచ్ (11 కేవీ లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను వేరుచేసే స్విచ్) దించి తీగ ముట్టుకోవడం రైతు పని కాదు. ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లలో ఒకటి సరిగా తెరుచుకోకపోయినా ఆ ఫేజులో 11 కేవీ అలాగే ఉంటుంది. కింద నిలబడి చూస్తే అది కనబడదు. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించి పనికి అనుమతి) తీసుకుని, లైను ఎర్త్ చేశాకే గద్దె మీద పని జరగాలి. ఈ వ్యాసంలో రైతు చేయదగినవన్నీ స్టార్టర్ డబ్బా దగ్గరివి. కొలతలు తప్ప అవి కూడా మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజులు ఊడదీసి చేయాల్సినవి.

మొదటి మెట్టు: కొలత

ట్రాన్స్‌ఫార్మర్ పేరు పలకపై కేవీఏ (దాని సామర్థ్యం) రాసి ఉంటుంది. 433 ఓల్టుల వైపు ఒక్కో ఫేజులో అది భరించే పూర్తి కరెంటు ఇంత:

16 కేవీఏ – 21 ఆంపియర్లు
25 కేవీఏ – 33
63 కేవీఏ – 84
100 కేవీఏ – 133
160 కేవీఏ – 213

ఇక మోటారు వైపు. 5 హెచ్‌పీ మోటారు లైను నుంచి సుమారు 4.7 కిలోవాట్లు లాగుతుంది. పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.8 ఉంటే 415 ఓల్టుల దగ్గర అది 8.2 ఆంపియర్లు. పాత సబ్‌మెర్సిబుల్, రెండు మూడుసార్లు వైండింగ్ చేయించినది అయితే 9, 10 దాకా పోతుంది. అంటే 100 కేవీఏ కింద 16 మోటార్లు, 25 కేవీఏ కింద 4 మోటార్లు ఉంటే నిండు లోడే. ఎండాకాలం మధ్యాహ్నం నిండు లోడు మీద గంటల తరబడి నడపడం మంచిది కాదు. 80 శాతం దగ్గర ఆపుకోవాలి. వైండింగ్ వేడి ఉండాల్సినదానికన్నా 6 డిగ్రీలు పెరిగితే లోపలి కాగితపు ఇన్సులేషన్ రెట్టింపు వేగంతో ముసలిదవుతుంది. కాలిన రోజున కారణం ఆ రోజుదే అనిపిస్తుంది కానీ అది అంతకుముందు రెండు మూడు యాసంగుల నుంచే మొదలై ఉంటుంది.

కాగితం మీద లెక్క వేసి ఆగకండి. సర్వీసు 5 హెచ్‌పీ పేర ఉండి బోరులో 7.5 దించినవి ప్రతి డీటీఆర్ కిందా కొన్ని ఉంటాయి. అందుకే ఆఫీసు లెక్కలో లోడు తక్కువగానూ, గద్దె దగ్గర ఎక్కువగానూ కనిపిస్తుంది. ఈ తేడా తేలేది టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పెట్టి ఆంపియర్లు కొలిచే మీటరు) తోనే. ఎక్కువ మోటార్లు నడిచే వేళ, సాధారణంగా ఉదయం, లైన్‌మన్‌ను పిలిచి మూడు ఫేజులు, న్యూట్రల్ విడివిడిగా కొలవమనండి. అదే గంటలో ప్రతి రైతూ తన స్టార్టర్ దగ్గర ఆంపియర్లు, ఓల్టేజీ రాసుకోవాలి. నోట్‌బుక్కులో ఆరు గడులు చాలు: సర్వీసు నంబరు, కాగితం మీది హెచ్‌పీ, అసలు హెచ్‌పీ, మూడు ఫేజుల ఆంపియర్లు, ఓల్టేజీ, కెపాసిటర్ ఉందా లేదా.

ఓల్టేజీ అంకెలే జబ్బు ఎక్కడుందో చెబుతాయి. లో టెన్షన్ సరఫరాకు 415కు ఆరు శాతం అటూ ఇటూ, అంటే 390 నుంచి 440 దాకా, హద్దు. మొదటి బోరు దగ్గర 405 ఉండి చివరి బోరు దగ్గర 365 ఉంటే లోపం తీగలో ఉంది. అప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటీ దాన్ని తీర్చదు. మొదటి బోరు దగ్గరే 385 ఉంటే, మోటార్లన్నీ ఆగిన వేళ మళ్లీ చూడండి. అప్పుడు 420 దాటితే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎక్కువని. అప్పుడూ తక్కువే ఉంటే 11 కేవీ ఫీడరులోనే ఓల్టేజీ తక్కువ. అది ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) స్థాయిలో చూడాల్సిన విషయం.

మూడు ఫేజుల మధ్య తేడా కూడా చూడండి. మూడు ఫేజుల మోటార్లే ఉన్నచోట అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి 150, మిగతావి 118, 122 వస్తే ఎవరో రెండు ఫేజుల మీద కెపాసిటర్ పెట్టి మోటారు నడుపుతున్నారు, లేదా పొలం ఇళ్లు, కోళ్ల షెడ్లు, చిన్న సింగిల్ ఫేజ్ మోటార్లు అన్నీ ఒకే ఫేజుకు తగిలించి ఉన్నాయి. సగటు 130 కాబట్టి బాగానే ఉందనుకుంటాం. కానీ 150 ఉన్న ఫేజు ఫ్యూజు కొడుతుంది, మిగతా మోటార్లన్నీ రెండు ఫేజుల మీద పడతాయి, ఆ రెండింటిలో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) లేని మోటార్లు ఆ పావుగంటలోనే కాలుతాయి. సింగిల్ ఫేజ్ సర్వీసులను మూడు ఫేజులకు పంచి వేయడం లైన్‌మన్‌కు ఒక పూట పని. సామాను ఖర్చూ దాదాపు ఉండదు. ముందు చేయించుకోవాల్సింది అదే.

రెండో మెట్టు: ఆటో స్టార్టర్లు

కరెంటు పోయి వచ్చిన క్షణం ట్రాన్స్‌ఫార్మర్‌కు గడ్డుకాలం. డైరెక్ట్ ఆన్‌లైన్ స్టార్టర్ మీద మోటారు లేచేటప్పుడు నడిచే కరెంటుకు ఆరు రెట్లు లాగుతుంది. 8 ఆంపియర్ల మోటారు 48 అడుగుతుంది. 16 మోటార్లకు, కరెంటు రాగానే వాటిని తమంతట తామే లేపే ఆటో స్టార్టర్లుంటే కరెంటు వచ్చిన సెకనులో 133 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌ను 768 అడుగుతాయి. అంత లాగితే ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఓల్టేజీ దాదాపు అయిదో వంతు పడిపోతుంది. తీగల్లో పోయేది దానికి అదనం. మోటారు తిప్పే బలం ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 80 శాతం ఓల్టేజీకి 64 శాతం బలమే మిగులుతుంది. చివరి మోటార్లు లేవలేక గుర్రుమంటూ ఆరు రెట్ల దగ్గరే ఉండిపోతాయి. ఫ్యూజు పోతుంది. ఫ్యూజు స్థానంలో లావు అల్యూమినియం తీగ కట్టి ఉంటే ఫ్యూజు నిలుస్తుంది, వైండింగ్ పోతుంది.

రాత్రిపూట కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఆటో స్టార్టర్‌కు అర్థముంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటలు. రెండుచోట్లా ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. అయినా చాలా డబ్బాల్లో అది ఇంకా ఉంది. నీళ్లు నిండాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది, భూగర్భజలం దానితోపాటే పోతుంది.

తీసేయడం సులువు: ఆటో స్విచ్‌ను మాన్యువల్‌కు తిప్పండి, లేదా ఆటో యూనిట్ తీగలు విప్పించి పుష్ బటన్‌కే వదిలేయండి. ఫోనుతో నడిపే మొబైల్ స్టార్టర్ వాడేవారు దాన్ని ఆటో మోడ్‌లో పెట్టకూడదు. అలా పెడితే పాత ఆటో స్టార్టర్‌కూ దానికీ తేడా లేదు. దూరం పొలం, వయసు మీద పడినవారు అంటూ కొందరికి ఆటో తప్పదనుకుంటే స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాయిల్‌కు వరుసలో ఆన్ డిలే టైమర్ (కొంతసేపు ఆగి కలిపే పరికరం) పెట్టించండి. మొదటి మోటారుకు 30 సెకన్లు, ఆ తర్వాత ఒక్కోదానికి 20 సెకన్లు పెంచుతూ పోతే 16 మోటార్లూ ఆరు నిమిషాల్లోపు ఒకదాని వెనుక ఒకటి లేస్తాయి. చివరి బోర్లకు ముందు వంతు ఇవ్వండి. తీగ మీద భారం లేనప్పుడే అవి తేలిగ్గా లేస్తాయి.

మూడో మెట్టు: కెపాసిటర్

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్ వచ్చాక డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) రైతులను చేయమన్న నాలుగు పనుల్లో ఇదొకటి: సరిపడ కెపాసిటర్, ఐఎస్ఐ గుర్తు మోటారు, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వ్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు. మోటారు అయస్కాంతానికి కావాల్సిన కరెంటును కెపాసిటర్ పక్కనుంచే ఇస్తుంది కాబట్టి లైను నుంచి లాగేది తగ్గుతుంది. కెపాసిటర్లు అప్పట్లో చాలాచోట్ల బిగించారు. ఆ తర్వాత మోటారు కాలి మెకానిక్ డబ్బా విప్పిన రోజున తీగలు విప్పి పక్కన పడేసినవే ఎక్కువ.

సైజు: 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత), 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3, 10 హెచ్‌పీకి 4. మూడు ఫేజులది, 440 ఓల్టులది, ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనండి. ఎక్కువ పెడితే ఇంకా మంచిదనుకోవద్దు. మోటారు ఆగి ఇంకా తిరుగుతుండగా పెద్ద కెపాసిటర్ దాన్ని జనరేటరులా చేసి ఓల్టేజీ ఎగదోస్తుంది. వైండింగ్‌కూ కెపాసిటర్‌కూ అది దెబ్బే.

ఎక్కడ కలపాలన్నదే అసలు మెలిక. కాంటాక్టర్ దాటాక, మోటారుకు పోయే మూడు తీగలకు కలపాలి. మోటారు ఆగితే కెపాసిటర్ కూడా ఆగాలి. కాంటాక్టర్‌కు ముందు, మెయిన్ వైపు కలిపితే మోటార్లన్నీ ఆగిన రాత్రివేళ కూడా అవి లైనులోనే ఉండి ఓల్టేజీని పైకి నెడతాయి. ఊళ్లో బల్బులు పోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో సంగతి మెకానిక్‌లు సైతం మర్చిపోతారు. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేది) దాటాక కెపాసిటర్ కలిపితే రిలే గుండా పోయే కరెంటు తగ్గుతుంది, మోటారులోది తగ్గదు. రిలే పాత 8 దగ్గరే ఉంటే మోటారు 9 దాటి లాగినా అది తెగదు. కెపాసిటర్ పెట్టాక కొత్త రీడింగు తీసి, రిలేను ఆ అంకెకు దించాలి. కాంటాక్టర్‌కూ రిలేకూ మధ్య కలిపితే ఈ బాధ ఉండదు, కానీ చాలా స్టార్టర్లలో అక్కడ తీగ బిగించే చోటు ఉండదు.

డబ్బా విప్పేముందు మెయిన్ దించి అయిదు నిమిషాలు ఆగండి. కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. డిశ్చార్జ్ రెసిస్టర్ పోయి ఉంటే ఆ అయిదు నిమిషాలూ చాలవు, మీటరుతో చూశాకే చేయి పెట్టాలి. కెపాసిటర్ డబ్బాకు ఎర్త్ తీగ తప్పదు.

లాభం ఎంత? 5 హెచ్‌పీ మోటారు లైను నుంచి తీసుకునే 8.2 ఆంపియర్లు 2 కేవీఏఆర్ పెట్టాక సుమారు 7కు దిగుతాయి. 100 కేవీఏ కింద 17 మోటార్లుంటే 139 ఆంపియర్లు 119 అవుతాయి. నిండు లోడు దాటిన ట్రాన్స్‌ఫార్మర్ 90 శాతానికి దిగుతుంది. తీగల్లో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి అది నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. అయితే సన్న తీగ ఉన్నచోట ఓల్టేజీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 34 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ మీద 600 మీటర్ల చివర 5 మోటార్లు నడిస్తే దాదాపు 40 ఓల్టులు పోతాయి. కెపాసిటర్లన్నీ పెట్టినా అయిదారు ఓల్టులే వెనక్కి వస్తాయి. "కెపాసిటర్ పెట్టినా ఓల్టేజీ రాలేదు" అని విప్పి పారేసేవారికి ఈ లెక్క తెలియకపోవడమే కారణం.

పనిచేస్తోందో లేదో ఏటా చూసుకోవాలి. మోటారు నడుస్తుండగా కెపాసిటర్ తీగలు ఒక్కోదాన్ని టాంగ్ టెస్టర్‌లో పెట్టండి. 2 కేవీఏఆర్‌ది 2.3 నుంచి 2.6 ఆంపియర్ల మధ్య, మూడు తీగల్లోనూ సమానంగా చూపాలి. ఒకదాంట్లో సున్నా ఉన్నా, డబ్బా ఉబ్బినా మార్చేయాలి.

నాలుగో మెట్టు: వంతులు

ఇది సామానుతో తేలేది కాదు, మనుషులతో. అందుకే కష్టం. ఫలితం మాత్రం దీని నుంచే ఎక్కువ.

17 మోటార్లను 6, 6, 5గా మూడు జట్లు చేయండి. ఎప్పుడూ రెండు జట్లే నడవాలి, ఒకటి ఆగాలి. అప్పుడు ఏ వేళకైనా 12 మోటార్లకు మించవు. కెపాసిటర్లతో 84 ఆంపియర్లు, 100 కేవీఏకు 63 శాతం. 9 గంటల సరఫరా ఉన్నచోట మూడేసి గంటల మూడు వంతులు పెడితే ప్రతి జట్టుకూ 6 గంటలు వస్తాయి. 24 గంటలున్నచోట ఎనిమిదేసి గంటల వంతులు పెడితే 16 గంటలొస్తాయి, అంతసేపు ఎవరికీ అక్కర్లేదు.

పక్కపక్క పొలాలవారిని ఒకే జట్టులో వేయడం సహజంగా అందరూ చేసే పని, అదే తప్పు. లైను చివరి బోర్లను మూడు జట్లకూ పంచాలి. చివరి అయిదూ ఒకేసారి నడిస్తే పైన చెప్పిన 40 ఓల్టులు పోతాయి; మూడే నడిస్తే పాతిక, నాలుగు నడిస్తే ముప్పై రెండు దగ్గర ఆగుతుంది. దగ్గరదగ్గర బోర్లను వేర్వేరు జట్లలో వేయడంలో ఇంకో మేలుంది: ఒకటి ఆగినప్పుడు రెండోదానికి ఊట ఎక్కువ అందుతుంది. వరి వేసినవారిని, ఆరుతడి పంటవారిని కలిపి వేయండి. డ్రిప్పు ఉన్న మిర్చి రైతుకు రెండు గంటలు చాలితే మిగతా వంతు నారుమడి ఉన్నవాడికి పోతుంది.

జాబితా రాసి స్టార్టర్ డబ్బా తలుపు లోపల అంటించండి. నాట్లప్పుడు, పొట్టదశలో వంతు ఎలా మారుతుందో ముందే మాట్లాడుకోకపోతే మొదటి గొడవ అక్కడే వస్తుంది.

మోటారు గంటలు తగ్గితే వంతులు తేలిక. 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపు తీసి 63 వేస్తే అదే నీటికి రాపిడి మూడో వంతుకు దిగుతుంది. ఇక్కడ ఒక అపోహ ఉంది. పైపు మారిస్తే ఆంపియర్లు తగ్గుతాయని చెబుతారు. బోరు పంపులో ఎదురు ఒత్తిడి తగ్గితే నీళ్లు ఎక్కువ వస్తాయి, ఆంపియర్లు అలాగే ఉంటాయి లేదా కొంచెం పెరుగుతాయి కూడా. తగ్గేది మడి తడిసే సమయం. రాపిడి ఎక్కువున్న పాత ఫుట్‌వాల్వ్ బావి మోటార్లకు చేసే నష్టమూ ఇలాంటిదే. కొత్త మోటారు కొనేవారు బీఈఈ స్టార్లు (విద్యుత్ పొదుపు గుర్తులు) చూడటంతోపాటు బోరు లోతుకు తగిన స్టేజీలు (పంపులో నీటిని పైకి నెట్టే అంచెలు) ఎంచుకోవాలి. 150 అడుగుల నుంచి నీళ్లు తోడేచోట 400 అడుగుల పంపు దించితే ఎన్ని స్టార్లున్నా వృథా.

గద్దెను దూరం నుంచి చూడటం

కంచె బయట నిలబడి కొన్ని చూడవచ్చు. బ్రీదర్ (ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చే గొట్టం) లోని సిలికా జెల్ నీలంగా ఉండాలి. గులాబీ రంగుకు తిరిగితే గాలిలోని తేమ నూనెలోకి పోతోంది. బుషింగుల చుట్టూ నూనె జిడ్డు, లో టెన్షన్ కనెక్షన్ దగ్గర నల్లబడ్డ లగ్గులు, ఫ్యూజు స్థానంలో మెలిపెట్టిన అల్యూమినియం తీగలు, తీగలకు తగిలే కొమ్మలు – వీటిని ఫోటో తీసి లైన్‌మన్‌కు పంపండి. ఎర్తింగ్ గుంతల్లో ఎండాకాలం నీళ్లు పోయించమని అడగండి. నేల ఎండితే ఎర్త్ నిరోధం పెరుగుతుంది. న్యూట్రల్ కూడా తెగితే పొలం ఇళ్లలో ఒక ఫేజుకు 300 ఓల్టులు దాటి టీవీ, ఫ్యాన్ పోతాయి.

అయినా చాలకపోతే

ఇవన్నీ చేశాక కూడా రద్దీ వేళ రీడింగు 80 శాతం పైనే ఉంటే కొత్త సామర్థ్యం అడగాల్సిందే. అడిగే తీరు ముఖ్యం. చివరి ఓల్టేజీ బాగుండి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే నిండి ఉంటే సామర్థ్యం పెంపు అడగండి. చివర ఓల్టేజీ పడిపోతుంటే పెద్దది వద్దు, లైను మధ్యలో లేదా చివర అదనపు ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. 11 కేవీ లైనును మోటార్ల దగ్గరిదాకా తెచ్చి 16 లేదా 25 కేవీఏ చిన్నవి పెట్టే హెచ్‌వీడీఎస్ (హై ఓల్టేజ్ డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్) పద్ధతి ఇందుకే వచ్చింది. ఒకటి కాలినా ముగ్గురు నలుగురికే ఇబ్బంది, అందుకే ఆ నలుగురూ దాన్ని కాపాడుకుంటారు. అక్కడ నాలుగో మోటారు తర్వాత అయిదోది కలిపితే మాత్రం 25 కేవీఏ నిలవదు.

సోలార్ వస్తే సరిపోతుందనుకునేవారికి ఒక మాట. కేంద్రం సోలార్ పథకం పీఎం కుసుమ్ కింద సబ్‌స్టేషన్ దగ్గర ప్లాంటు పెడితే ఫీడరు మీద, సబ్‌స్టేషన్ మీద భారం తగ్గుతుంది. ఆ కరెంటు కూడా మీ డీటీఆర్ గుండానే బోరుకు రావాలి కాబట్టి గద్దె మీద భారం ఒక్క ఆంపియరూ తగ్గదు. బోరు దగ్గరే ప్యానెళ్లతో నడిచే మోటారైతేనే ఆ లోడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పోతుంది.

ఏఈకి ఇచ్చే దరఖాస్తులో గద్దె మీది డీటీఆర్ కోడు, కేవీఏ, అన్ని సర్వీసు నంబర్లు, అసలు హెచ్‌పీలు, రద్దీ వేళ మూడు ఫేజుల ఆంపియర్లు, మొదటి, చివరి బోరు ఓల్టేజీలు, కెపాసిటర్లున్న మోటార్ల సంఖ్య రాయండి. 5 పేర 7.5 నడుపుతున్నవారు అదనపు లోడును క్రమబద్ధం చేయించుకోవాలి. కాగితం మీద లోడు పెరగనిదే పెంపు ప్రతిపాదన ముందుకు కదలదు. దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ తీసుకోండి.

ఈలోగా ట్రాన్స్‌ఫార్మర్ కాలితే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ సేవా ప్రమాణాల ప్రకారం పల్లెల్లో 48 గంటల్లో, పట్టణాల్లో 24 గంటల్లో మార్చాలి. గడువు దాటితే డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇచ్చేముందు కిందున్న స్టార్టర్లన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో ఒకరు తిరిగి చూసి లైన్‌మన్‌కు చెప్పాలి.